దాసన్న చౌరస్తా

తోమాసు టీ హోటల్ గోడ మీద ఇంజనీరు ఎర్రరంగుతో గీత గీశాడు. వేములవాడ పోయే రోడ్డు వెడల్పవుతోంది. రోడ్డుకు అటు విజయేందర్ ఫంక్షన్ హాలు, ఇటు తోమాసు హోటల్. విజయేందర్ ఊళ్లో పెద్ద లీడరు. కాబట్టి రోడ్డు ఇటువైపే వెడల్పవుతోంది.

"గీ హోటల్ పోతే మేం ఎట్ల బతకాలె సారూ?" అంది తోమాసు భార్య సంతోషమ్మ.

"పైనుంచి ఆర్డర్ అమ్మా," అంటూ ఇంజనీరు హోటల్ ముందున్న రాతి సమాధి మీద కూడా గీత పెట్టబోయాడు.

తోమాసు చాయ్ గిన్నె దించి వచ్చాడు. "సారూ, దాని జోలికి మాత్రం పోవద్దు. అది దాసు సమాధి."

ఇంజనీరు రాయి మీది మట్టి తుడిచాడు. 'నమ్మకమైన దాసు, 1897' అని అక్షరాలు కనిపించాయి.

తోమాసు అబద్ధమాడడని ఊరంతటికీ తెలుసు. పాలు పల్చగా ఉన్న రోజు, "ఇయ్యాల చాయ్ మంచిగ లేదు, రేపు రా" అని గిరాకీని తనే వెనక్కి పంపుతాడు. అందుకే అతను నోరు తెరిస్తే చాయ్ తాగేవాళ్లంతా గ్లాసులు పట్టుకుని దగ్గరికి జరిగారు.

"గత్తర, గదే కలరా, వచ్చిన యేడు జనమంత ఇండ్లిడిసి ఉరికిండ్రట," అన్నాడు తోమాసు. "దాసు పోలే. మిషన్ దవాఖాన మందుల పెట్టెలు ఊరూరికి మోసిండు. పడిపోయినోళ్లను వీపు మీద దవాఖానకు తెచ్చిండు. మా ముత్తాత పక్కపొంటి నడిచిండు, గంతే."

"జీతమెంత ఇచ్చిండ్రు?" అన్నాడు ఇంజనీరు.

"పైస తీసుకోలే."

ఇంజనీరు రంగు డబ్బా మూత పెట్టేశాడు.

సంతోషమ్మ మొగుణ్ని వంటింట్లోకి లాగింది. "మొత్తం చెప్పుమంటే ఏం జేస్తవ్?"

"అడిగితే చెప్త. అడగాలె గద."

తెల్లారేసరికి సమాధి ముందు షామియానా లేచింది. కింద ఇంకో పార్టీ లీడరు పర్శరాములు, మెడలో కండువాతో కూర్చున్నాడు. "దాసన్న మా కులపోడు. సమాధి ముట్టుకుంటే ఊకోం" అన్నాడు.

విజయేందర్ రోడ్డు దాటి ఉరికొచ్చాడు. "మీ కులపోడెట్లయితడు? మా తాతకు తాత. మా ఇంటి మనిషి."

"ఇన్నేండ్లు యాదికి రాలేదా మీ తాత?"

"మీకు యాదికొచ్చింది గిప్పుడే గద."

ఇద్దరూ తోమాసు వైపు తిరిగారు. "నువ్వు అబద్ధమాడవు. దాసన్నది ఏ కులం?"

తోమాసు చాయ్ కలుపుతూ ఆలోచించాడు. "కులం పట్టింపు లేకుండెనట. ఎవలింటి ముంగట పెట్టినా తినేటోడు. నీసు ముట్టలే. కల్లు తాగలే."

"మా ఇంట్ల సుత నీసు ముట్టం," అన్నాడు విజయేందర్. ఫంక్షన్ హాలు నుంచి బిర్యానీ వాసన గుప్పుమంది.

"దొరల మీద కొట్లాడిండా?" అన్నాడు పర్శరాములు.

"శిస్తుకొచ్చిన దొర మనిషి ఎనుకకెళ్లి వచ్చిండట. దాసు ఒక్క తన్ను తన్నిండు. ముంగటి పండ్లు రాలినయి."

చప్పట్లు మోగాయి.

"ఉపన్యాసాలిచ్చెటోడా?" అన్నాడు విజయేందర్.

"గొంతెత్తితే చెరువు అవతల ఇనవడేదట."

"నాకు సుత గదే గొంతు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఇంజనీరు నెత్తి గోక్కున్నాడు. సమాధిని ముట్టుకోకూడదంటే రోడ్డు అటువైపు జరగాలి. అటు జరిగితే ఫంక్షన్ హాలు ముందుభాగం పోతుంది.

విజయేందర్ మొహం మాడింది. పర్శరాములు మెల్లగా దగ్గరికొచ్చాడు. "ఆయన వంశపోనివి గదనే అన్నా. తాత ఎక్కువనా, హాలు ఎక్కువనా?"

చుట్టూ సెల్‌ఫోన్లు లేచాయి. విజయేందర్ వాటిని చూశాడు, హాలును చూశాడు, మళ్లీ ఫోన్లను చూశాడు.

"గోడ నేనే కూలగొడ్త," అన్నాడు.

కూలగొట్టాడు కూడా. గడ్డపార పట్టుకుని ఫొటో దిగాక మిగతా పని జేసీబీ చూసుకుంది. హోటల్ గోడ మీది ఎర్రగీతను సంతోషమ్మ ఆ పూటే సున్నంతో పూసేసింది.

అక్కడితో ఆగితే లీడర్లు ఎందుకవుతారు? హోటల్ పక్కనున్న చౌరస్తాలో దాసన్న విగ్రహం పెట్టాలన్నారు. ఈసారి ఇద్దరూ కలిసే చందాలు పట్టారు. విగ్రహాలు చేసే మేస్త్రి కరీంనగర్ నుంచి వచ్చి తోమాసు ముందు కూర్చున్నాడు.

"దాసన్న ఎట్లుంటుండె?"

"పొట్టిగ. చెవులు జర పెద్దగ."

"బుద్ధునికి సుత పెద్దయే," అన్నాడు విజయేందర్ గంభీరంగా.

"తలపాగ?"

"కట్టలే."

"గుర్రమెక్కెటోడా?"

"ఎక్కంగ ఎవ్వలు చూడలే."

"చూడనంత మాత్రాన ఎక్కలేదంటే ఎట్ల?" అన్నాడు పర్శరాములు. మేస్త్రి తలూపి లెక్కలోకి గుర్రాన్ని వేసుకున్నాడు. దాంతోపాటే తలపాగా, మీసం, కత్తీ వచ్చి చేరాయి.

ఆవిష్కరణ రోజు డప్పులు మోగాయి. ముసుగు జారింది. ముందుకాళ్లు రెండూ లేపిన గుర్రం మీద దాసన్న మీసం మెలేసి కూర్చున్నాడు. విజయేందర్ పాలాభిషేకం చేసి మైకు పట్టుకున్నాడు.

"దాసన్న రక్తమే నా రక్తం. ఆయన గుణాలే నా గుణాలు" అని కళ్లు తుడుచుకున్నాడు.

"మాయి సుత," అన్నాడు పర్శరాములు కింది నుంచి.

తోమాసు హోటల్ ముందు నిలబడే చోటు లేదు. సంతోషమ్మ చాయ్ గ్లాసుల పళ్లెంతో జనంలోంచి బయటపడి, విగ్రహం వైపు తలెత్తి కాసేపు చూసింది. తర్వాత మొగుడి చెవి దగ్గరికి వంగింది.

"ఏమయ్యా, మీ ముత్తాత గాడిదను ఆఖరుకు గుర్రమెక్కిచ్చిండ్రు."