మాస్కు పెట్టుకున్నావిడ

“మొన్న మేడంగారికి నచ్చిన గదే మీకు ఉంచాను సార్,” అంటూ లాడ్జి మేనేజరు తాళం చేతికిచ్చాడు.

హేమ విజయనగరంలో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

“ఏ మేడం బావా?” అంది మొగుడితో, మెట్లెక్కుతూ.

“ఇంకెవలినో అనుకున్నాడులేయే,” అనేసి ఈశ్వర్ రెండేసి మెట్లు ఎక్కిపోయాడు.

పెళ్ళయిన రెండేళ్ళకి కుదిరిన ప్రయాణం. దసరా రద్దీ తగ్గింది, వానలు వెనకపట్టాయి. రెండు రోజులు ఊరంతా తిరిగి, కనిపించినదల్లా తిని నౌపడలో ఇంటికి వెళ్ళిపోదామనుకున్నారు. తీరా వచ్చాక హేమకి ఆకలి పోయి అనుమానం పట్టుకుంది.

రెండో సాక్షి ఇడ్లీబండి దగ్గర దొరికింది. ప్లేటు అందిస్తూ బండి ఆవిడ ఈశ్వర్ని చూసి నవ్వింది.

“ఏటి బాబూ, ఆయమ్మని తేనేదేటి? ఆ రోజు తను ముందు తిని, మిగతాది నీకెట్టింది. ఎంత పేమో!”

ఈశ్వర్‌కి పొలమారింది. హేమ నీళ్ళు ఇవ్వలేదు.

ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. పోయిన మంగళవారం శ్రీకాకుళానికి చేపల లోడు వేసుకెళ్తున్నానని చెప్పి చీకటితోనే బయలుదేరాడు. తిరిగొచ్చాక ఉతకడానికి చొక్కా తీస్తే నీచు వాసనే లేదు. మసాలా వాసన. చేపల లోడుకి వెళ్ళి నీచు వాసన లేకుండా వచ్చిన మొగుణ్ణి ఆ రోజే నిలదీసి ఉండాల్సింది!

తర్వాత కోటకి వెళ్ళారు. ఈశ్వర్ కోటని చూశాడు, హేమ ఈశ్వర్ని చూసింది. బయట మరమరాలతో ముంతమసాలా కలుపుతున్న ముసలాయన్ని ఈసారి తనే అడిగింది.

“తాతా, ఈయన్ని ఇంతకుముందు సూసినావా?”

“సూడకేటి! మొన్న ఓ ఆడమనిషితో వచ్చినాడు. రోడ్డు దాటినంతసేపూ ఆవిడ ఈయన సెయ్యి వదిల్తే ఒట్టు.”

“ఎలాగున్నాది మడిసి?”

“మాస్కెట్టుకుని, నెత్తి మీద కొంగేసుకున్నాది. మొకం నాను సూడనేదమ్మా.”

మొహం దాచుకుని తిరిగిందంటే ఇంకేం కావాలి? హేమ మొగుణ్ణి పక్కకి లాగింది.

“ఎవత్తది?”

“సెప్పకూడదే. ఒట్టేసినాను.”

“ఎవలికి?”

“ఆవిడికే. నీ మీదే ఒట్టేయించుకున్నాది.”

“నా మొగుడితో తిరిగి, నా మీదే ఒట్టా!”

హేమ చేతిలో ఉన్న ముంతమసాలా పొట్లం మొత్తం ఈశ్వర్ చొక్కా మీద పడింది. అతను ఉల్లిపాయ ముక్కలు దులుపుకున్నాడు.

సాయంత్రం బిర్యానీ హోటల్లో కూర్చునే వేళకి హేమ తేల్చేసుకుంది. తెల్లారగానే బస్సెక్కి పుట్టింటికి వెళ్ళిపోవాలి. ఇక ఈ కాపురం వద్దు. అమ్మకి చెప్పడానికే ధైర్యం చాలలేదు. బస్సు కాస్త ఆలస్యమైతేనే బోల్తా పడిందని ఏడ్చే మనిషి దానమ్మ. కూతురు కాపురం కూలిందంటే తట్టుకుంటుందా?

అనుకుంటుండగానే దానమ్మ ఫోను. పొద్దుట్నుంచీ చేస్తూనే ఉంది, హేమ ‘బాగున్నామమ్మా’ అంటూనే ఉంది. ఈసారి మాట్లాడబోతే ఏడుపొచ్చేసింది.

“అమ్మా, నీ అల్లుడు నన్ను ముంచేసినాడు! ఓ మాస్కుదాన్ని ఎంటబెట్టుకుని ఊరంతా తిరిగినాడు. రేపు పొద్దున్న ఒచ్చేత్తన్నాను. మరి ఈడి మొకం సూడను.”

ఎదురుగా ఈశ్వర్, ఫోను వైపు చూస్తూ రెండు చేతులూ జోడించి దణ్ణం పెడుతున్నాడు. ఆ దణ్ణం ఎవరికో హేమకి అర్థం కాలేదు.

“ఇప్పుడెక్కడున్నావే?” దానమ్మ అడిగింది.

“బిర్యానీ హోటల్లో. సిగ్గునేకుండా రెండు ప్లేట్లు సెప్పినాడు.”

“మేడ మీద హోటలేనా? అయ్యో, ఆ పెరుగుచట్నీ ముట్టకే తల్లీ, మొన్న మాస్కు తీసి మరీ వాసన సూసినాను, పులిసిపోయున్నాది!”