తగిలిందండీ!

"తగిలిందండీ!" అన్నాడు కాబోయే మేస్త్రి, కళ్లు గట్టిగా మూసుకుని.

కళ్లు మూసుకోమన్నది డాక్టరమ్మే. చెప్పుల కంపెనీలో సొల్యూషన్ గదివాళ్లందరికీ ఆరోజు పాదాల పరీక్ష. చెప్పులకు సోళ్లు అతికించే ఆ సొల్యూషన్ జిగురు ఆవిరి ఏళ్ల తరబడి పీలిస్తే నరాలు దెబ్బతిని కాళ్లు మొద్దుబారతాయట. పొద్దుటినుంచి ముగ్గురు తప్పారు. వాళ్లనిక ఆ గది గడప తొక్కొద్దన్నారు. ఇతను గట్టెక్కితే మాత్రం రేపటినుంచి ఆ గదికి మేస్త్రి. పన్నెండేళ్లుగా కన్నేసిన కుర్చీ మరి!

"నేనేం అడగను. సూది తగిలినప్పుడల్లా మీరే చెప్పాలి" అని ముందే చెప్పింది డాక్టరమ్మ.

ఆమె ముందుకు వంగింది. పాత స్టూలు కిర్రుమంది.

"తగిలింది!"

మళ్లీ కిర్రు.

"ఇదిగో, మళ్లీ తగిలింది!"

కాసేపు గదిలో చప్పుడు లేదు. ఇతనూ నోరు మెదపలేదు. తర్వాత వరసగా కిర్రు, కిర్రు. పదో సూది దాకా ప్రతిసారీ చెప్పాడు.

"పదికి పది! ఇక కళ్లు తెరవండి" అని నవ్వింది డాక్టరమ్మ. "ముందు ఈ స్టూలుకి నూనె వేయించాలి. చెవులు చిల్లులు పడుతున్నాయి."

ఇక ఆగుతాడా? చెప్పుల్లో కాళ్లు దూర్చి బయటపడ్డాడు. చుట్టూ తిరిగి వెళ్లే ఓపిక ఎక్కడిది? మరమ్మతుకని కంకర పరిచిన రోడ్డు మీదుగానే ఇంటికి పరుగులాంటి నడక అందుకున్నాడు.

"ఓ అన్నా! ఆగన్నా!" వెనక ఎవరో కేకేశారు.

కంపెనీవాళ్లే, పార్టీ అడుగుతారు కాబోలనుకున్నాడు. వెనక్కి చూడకుండానే, "రేపు, రేపు!" అని చెయ్యూపాడు.

గుమ్మంలోనే భార్య ఎదురొచ్చింది. వారం రోజులుగా ఆమెకు కంటిమీద కునుకు లేదు.

"ఏమన్నారు? త్వరగా చెప్పండీ, నా ప్రాణాలు తోడెయ్యకండి!"

"పదికి పదే! నీ మొగుడు గుండ్రాయిలా ఉన్నాడు! మేస్త్రిగారి భార్యా, కాసిని మంచినీళ్లియ్యి!"

"నిజంగానా? కాళ్లకేం కాలేదన్నారా?"

"నిక్షేపంలా ఉన్నాయన్నారు! ఎంత హాయిగా ఉందనుకున్నావ్, దారంతా దూదిమీద నడిచొచ్చినట్టుందే!"

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ తల వంచింది. ఆమె చూపు అతని పాదాల దగ్గరే ఆగిపోయింది.

"ఏవండీ... ఎడమకాలి చెప్పు ఏదీ?"