గాలిపడవ

“ఈ బోల్టు ఎవరు బిగించారు?” విమానం కింద నుంచి ఇన్‌స్పెక్టర్ జయరామయ్య గొంతు వినిపించింది.

“నేనే సార్,” అన్నాడు పరంజ్యోతి.

“బాగానే బిగించావు.”

మైపాడు సముద్రం ఒడ్డున గుమిగూడిన జనం ఈలలు వేశారు. పరంజ్యోతి తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. పొద్దున్నుంచీ ఆ గుడ్డకు తీరిక లేదు.

యుద్ధం రోజుల్లో విమానాల షెడ్డులో మెకానిక్కుగా పనిచేసి వచ్చినవాడు పరంజ్యోతి. ఊళ్లో ఆయిలింజన్లు బాగుచేస్తూ, ఆరేళ్లపాటు పెరట్లో ఈ రెండు సీట్ల విమానాన్ని కట్టాడు. చెక్కపని పడవలు చేసే వడ్రంగులది. రెక్కలకు గుడ్డ కుట్టింది భార్య మగ్దలీనమ్మ. నడపడం మద్రాసు వెళ్లి నేర్చుకొచ్చాడు. తాను గాల్లోకి లేవబోతున్నానని ఇందుకూరుపేట దాకా కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. లేవకపోతే మీసం తీసేస్తానని చర్చి వాకిట్లో పదిమంది ఎదుట పందెం కాశాడు. ఇప్పుడా మీసం జయరామయ్య సంతకం మీద నిలబడి ఉంది. ఆయన సరేనంటే తప్ప విమానం నేల విడవకూడదని సర్కారు రూలు.

జయరామయ్య పేరున్న మనిషి. ఆయన మెచ్చిన విమానం లేదని మద్రాసులో చెప్పుకుంటారు. ఆయన రెక్కలు తట్టాడు, తీగలు లాగాడు, చక్రాలను తన్నాడు. చివరికి ఇంజను వేయించాడు. ఇసుక లేచి జనం కళ్లలో పడింది. ఎండబెట్టిన చేపలు ఎగిరాయి. ఆ రోజు మైపాడులో మొదట ఎగిరినవి అవే.

మగ్దలీనమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది. ఇంజను ఆగాక భర్త దగ్గరికి వచ్చింది.

“ఏమయ్యా, ఇప్పుడైనా వద్దని చెప్పు. ఆకాశంలో నీకేం పని?”

“గమ్మునుండు. ఊరంతా చూస్తుంటే వద్దంటే ఏం మర్యాద?”

“మర్యాద పట్టుకుని నేనేం చేసుకొనేది? ఏదో ఒక వంక దొరకాలని దేవుణ్ణి అడగతుండా.”

“అడుగు,” అన్నాడు పరంజ్యోతి, మళ్లీ మొహం తుడుచుకుంటూ.

జయరామయ్య చేతులు దులుపుకుని జేబులోంచి పెన్ను తీశాడు. మగ్దలీనమ్మ మళ్లీ కళ్లు మూసుకుంది. అంతలో చేపలు పట్టే పల్లెకారుల పెద్ద చెంగయ్య చామంతి దండ పట్టుకుని ముందుకొచ్చాడు.

“అయ్యా, అంతా బాగుండాదంటారా?”

“బాగుంది. కట్టినవాడికి పని తెలుసు.”

“అయితే ఈ దండ మీకే సామీ.” చెంగయ్య అడక్కుండానే దండ మెడలో వేసేశాడు. “మా పల్లెలో కొత్త పడవని చూసి బాగుండాదన్న పెద్దమనిషే అందరికన్నా ముందు ఎక్కాల. కట్టినోడు నడపతాడు, బాగుండాదన్నోడు పక్కన కూచుంటాడు. మా తాతల కాలం నుంచీ ఇంతే.”

“ఇది పడవ కాదయ్యా!”

“గాలిలో పొయ్యే పడవే గదా సామీ.”

పరంజ్యోతి చెంగయ్యను కసురుకున్నాడు. “నీకు మతుండాదా మామా? సార్ ఎంత పెద్ద ఆఫీసరు! ఆయన్ని ఇట్టాంటివి అడగొచ్చునా?” ఆపైన ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి వినయంగా చేతులు కట్టుకున్నాడు. “పెద్దాయన మాట తీసెయ్యలేను సార్. ముందు సీటు తుడిచిపెట్టినాను. సముద్రం మీద ఒక్క చుట్టు కొట్టొద్దాం రండి.”

జనం చప్పట్లు కొట్టారు.

జయరామయ్య ముందు సీటు చూశాడు. సముద్రం చూశాడు. పెన్నుకు మూత పెట్టాడు.

“ఆ ఎడమ రెక్క ఇంకోసారి చూడాలి.”

అప్పటికే దాన్ని రెండుసార్లు చూశాడు. ఈసారి చెవి ఆనించి విన్నాడు. రెక్క ఏం చెప్పిందో గానీ ఆయన మొహం గంభీరమైంది.

“చెక్కకు చెమ్మ పట్టింది.”

“సముద్రం పక్కన చెమ్మ పట్టని చెక్క యాడుంటుంది సార్?”

“అందుకే వద్దంటున్నాను.”

“ఆరేళ్ల కష్టం సార్!” పరంజ్యోతి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. “ఎక్కి కూచోండి, చెమ్మో కాదో మీకే తెలుస్తుంది. ఒక్క చుట్టు సార్!”

జయరామయ్య చెయ్యి విడిపించుకున్నాడు. “రెక్కలు మార్చి కబురు చెయ్యి,” అంటూనే జీపెక్కాడు. మెడలో దండ తీయడం కూడా మరిచిపోయాడు. ఇసుకలో జీపు అంత వేగంగా పోవడం మైపాడు అంతకుముందు చూడలేదు.

జనం ఇన్‌స్పెక్టరును నోటికొచ్చినట్టు తిట్టారు. చర్చి వాకిట్లో ఎదురు పందెం కాసినవాడే వచ్చి పరంజ్యోతి భుజం తట్టాడు. “సర్కారోళ్లు లేవనియ్యకపోతే నువ్వేం చేస్తావన్నా? నీ మీసం జోలికి ఎవురొస్తారో నేను చూస్తా!”

మగ్దలీనమ్మకు సంతోషంగానే ఉంది. దేవుడు ఇంత త్వరగా వింటాడని ఆమె అనుకోలేదు. కానీ తుండుగుడ్డలో మొహం దాచుకుని చక్రానికి ఆనుకుని కూలబడ్డ భర్తను చూసేసరికి దుఃఖం ఆగలేదు. తన ప్రార్థనే అతన్ని ఇలా చేసిందనిపించింది.

“పోనీలేవయ్యా. రెక్కలకు మళ్లా గుడ్డ నేనే కుడతా. లేచి రా, నిన్నటి చేపల పులుసుండాది,” అంది. అతను తల ఎత్తలేదు. ఆమె కళ్లు తుడుచుకుంటూ పులుసు వెచ్చబెట్టడానికి ఇంటికి నడిచింది.

జనం కూడా ఒక్కొక్కరే కదిలారు. చెంగయ్య మాత్రం వచ్చి పరంజ్యోతి పక్కన కూర్చుని చుట్ట వెలిగించాడు. పరంజ్యోతి గుడ్డ తీసి అటూ ఇటూ చూశాడు. దగ్గర్లో ఎవరూ లేరు.

“అచ్చం నేను నేర్పినట్టే చెప్పినావు మామా!”