మాస్టారి వంకలు

"అక్కా, ఇందులో ఉప్పు వేయడానికి ఇంకెవరైనా వస్తారా?"

భార్య పోయిన ఇరవై రెండో రోజున వంటమాస్టారు నోరు విప్పి అన్న మొదటి మాట అది.

ఆయన ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో నాలుగు వందల మందికి వండే మనిషి. ఆవిరి వాసన చూసి కూరలో ఉప్పెంతో చెప్పేవాడు. అలాంటివాడు పొయ్యి వెలిగించడం మానేసి, కిటికీ పక్కన కుర్చీకి అతుక్కుపోయాడు. తిండి లేదు, మాట లేదు. ఇలాగే వదిలేస్తే తమ్ముడు దక్కడని అక్కకి భయం పట్టుకుంది. రెండు వీధుల అవతలి నుంచి రోజూ మధ్యాహ్నానికి డబ్బా పట్టుకొచ్చి, ఇద్దరికీ వడ్డించి, ఎదురుగా కూర్చుని తనూ తినేది.

ఆ రోజు కంగారులో ఉప్పు మరిచిపోయింది.

"నీ మరదలి వంటకి ఇలా వంక పెడితే గరిటె నా చేతికిచ్చి నువ్వే వండుకోమనేది" అన్నాడు మాస్టారు. ఆ మొగుడూ పెళ్ళాల కబుర్లన్నీ కంచం ముందు తగువులే మరి. ఆ మాట అనేసి, ఏడ్చి, నాలుగు ముద్దలు తిన్నాడు. అక్కకి ప్రాణం లేచొచ్చింది.

ఇక రోజూ అదే వరస. ఒకరోజు బంగాళాదుంప ఉడకలేదు. మరోరోజు అన్నం మాడింది. ఇంకోరోజు కారం నషాళానికి అంటింది. ముద్దకో వంక, వంక వెనకే భార్య కబురు.

"ఏంటి వదినా, మా పాప పుట్టినరోజుకి అంత కమ్మగా వండి పెట్టింది నువ్వేనా, ఇంకెవరైనానా?" అని మాస్టారి ఎదురింటి కుట్టుపని ఆవిడ ఆటపట్టించింది. అక్క నవ్వి ఊరుకుంది.

రెండు వారాలు గడిచాక వంకలు తగ్గాయి. పది నుంచి నాలుగుకి, నాలుగు నుంచి ఒకటికి వచ్చాయి. దాంతోపాటే భార్య ఊసూ తగ్గింది. తరవాత అదీ లేదు. పెట్టింది తినేవాడు, చెయ్యి కడుక్కునేవాడు.

"నెమ్మదించాడు వదినా. మరిచిపోతున్నాడు, మంచిదేగా" అంది ఎదురింటావిడ.

ఈరోజు ఆమె గుమ్మంలో నిలబడి కళ్ళారా చూసింది. మాస్టారు కంచం ఊడ్చినట్టు తిన్నాడు. అక్క మాత్రం రెండు ముద్దలకే ఆగి, గ్లాసుడు నీళ్ళు గటగటా తాగి, కళ్ళు తుడుచుకుంది.

"ఎలా ఉందిరా కూర?" అని అడిగింది.

"బాగుందక్కా."

"నిజంగానే?"

"బాగుందన్నాగా." లేచి వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నాడు.

అక్క పెరట్లో కుళాయి దగ్గర డబ్బా తోముతూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఎదురింటావిడ భుజం మీద చెయ్యి వేసింది.

"పిచ్చిదానా, గండం గట్టెక్కాక ఏడుస్తారా? వంకల మాస్టారు నోటితో బాగుందన్నాడు. ఇంకేం కావాలి నీకు?"

తమ్ముడు ఒక్క వంకైనా పెడతాడని, నెల రోజులుగా కావాలనే వంట పాడుచేస్తున్న అక్క ఈరోజు ఆ కూరలో రెండు గుప్పిళ్ళ ఉప్పు పోసింది.