మిరప టిక్కీ

"ఏమే టిక్కీ, నీకింకా తెల్లారలా?"

రాజేశ్వరి రోజూ కూతుర్ని ఈ మాటతోనే లేపుతుంది. వాళ్ళది నరసరావుపేటలో మిర్చి వ్యాపారం చేసే ఇల్లు. తండ్రి త్రికోటేశ్వరరావు సీజనంతా గుంటూరు యార్డులోనే ఉంటాడు. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి తొక్కి నింపిన బస్తా. వెన్నెలకి ఊహ తెలిసినప్పటి నుంచి ఇంట్లో అదే పేరు. డిగ్రీ రెండో సంవత్సరానికి వచ్చినా మారలేదు.

హాల్లో గోడకి ఒక పసిపిల్ల ఫొటో ఉంటుంది. వెన్నెల పుట్టకముందే జ్వరం వచ్చి పోయిన అక్క. రాజేశ్వరి ఫొటోకి పూలు పెట్టి, కొంగుతో అద్దం తుడుస్తుంది. "బొమ్మలాగా ఉండేది" అంటుంది. అప్పుడు ఆమె గొంతు వేరేగా ఉంటుంది. వెన్నెలతో ఎప్పుడూ ఆ గొంతుతో మాట్లాడలేదు.

వెన్నెల స్నేహితురాలు హరితకి కాలేజీలో ఉండగా వాళ్ళమ్మ ఫోన్ చేస్తుంది. "తిన్నావా బంగారం? లవ్ యూ రా" అని పెట్టేస్తుంది. పక్కనుంచి విని వెన్నెల నవ్వుతుంది.

"మా అమ్మ నన్ను చూసి బాగున్నావే అంటే చాలు," అంది ఒకరోజు హరితతో. "ఒక్కసారి అంటే చాలు."

కాలేజీ యాన్యువల్ డే దగ్గరికొస్తోంది. ఆ రోజు తను అమ్మ పెళ్ళిచీర కట్టుకోవాలి. అమ్మ నోటితో ఆ మాట అనిపించుకోవాలి. వెన్నెల అప్పుడే నిర్ణయించుకుంది.

స్టేషన్ రోడ్డులోని ఒక మందుల షాపులో సన్నబడే మాత్రలు అడిగితే, కౌంటర్లో ఉన్నతను తలెత్తి చూశాడు.

"ఎవరికమ్మా?"

"మా అమ్మకి."

చీటీ అడగలేదు. కంపెనీ పేరు లేని డబ్బా ఒకటి కవర్లో పెట్టి ఇచ్చాడు. "రోజుకొకటి. అంతా ఆకుపసరే, ఏం కాదు," అన్నాడు.

బయట స్కూటీ మీద ఆగి ఉన్న హరిత కవరు లాక్కోబోయింది. "నీకెందుకే ఇవి? బానే ఉన్నావుగా."

"మీరంతా మొహమాటానికి అంటారు. ఉన్నదున్నట్టు చెప్పేది మా అమ్మ ఒక్కతే."

త్వరగా తగ్గాలని రోజుకి రెండు మింగింది. ఆకలి చచ్చిపోయింది. నిద్ర పట్టడం లేదు. మెట్లెక్కితే గుండె చప్పుడు చెవుల్లో వినిపించేది. పెన్ను పట్టుకుంటే వేళ్ళు వణికేవి. అద్దం ముందు నిలబడితే మాత్రం ఆమెకి ఇంకా టిక్కీయే కనపడేది.

అన్నం కెలుకుతూ కూర్చుంటే రాజేశ్వరి చూసింది. ఇంకో గరిటె నెయ్యి వేసింది.

"వద్దమ్మా."

"మూసుకుని తిను. టిక్కీ ఎక్కడన్నా కరుగుద్దా?"

ఇంకోరోజు పక్కింటి తిరుపతమ్మ గోడ మీదుగా పలకరించింది. "ఏమే రాజేశ్వరీ, నీ కూతురు ఈ మధ్య చానా..."

"చానా ఒళ్ళు చేసింది పిన్నీ," ఆమెని మాట పూర్తి చెయ్యనివ్వలేదు రాజేశ్వరి. "ఈ బస్తాని ఏలుకునేవాడు యాడున్నాడో ఏమో."

లోపలి గదిలో ఉన్న వెన్నెల వింది. ఆ రోజు నుంచి రెండు మాత్రలు మూడయ్యాయి.

యాన్యువల్ డే నాటి ఉదయం అమ్మ పెళ్ళినాటి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. జడలో కనకాంబరాలు పెట్టుకుంది. గేటు బయట హరిత స్కూటీ హారన్ కొడుతోంది. వెన్నెల వెళ్ళి అమ్మ ముందు నిలబడింది.

"ఎట్లా ఉన్నానమ్మా?"

రాజేశ్వరి చూసింది. చాలాసేపు అలాగే చూసింది. పెదవులు కదిలాయి.

"టిక్కీకి పట్టుగుడ్డ చుట్టినట్టుంది," అనేసి రాజేశ్వరి గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వెన్నెల నవ్వబోయింది. నవ్వు రాలేదు. గేటు దాకా నడిచింది. స్కూటీ ఎక్కబోతూ గుండె మీద చెయ్యి పెట్టుకుని అక్కడే కూలిపోయింది.

హరిత కేకకి రాజేశ్వరి కుడి గుప్పిట మూసుకునే పరిగెత్తుకొచ్చింది.

ఆటోలో కూతురి తల ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో నిమిరింది. కుడి గుప్పిట తెరవలేదు. "బాగున్నావే నా తల్లీ. చానా బాగున్నావే. ఒకసారి కళ్ళు తెరువే." ఆసుపత్రి దాకా అదే మాట. వెన్నెల పుట్టాక ఆమె నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు.

వెన్నెల కళ్ళు తెరవలేదు.

గంట తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చింది. హరిత తెచ్చిచ్చిన మాత్రల డబ్బా ఆమె చేతిలో ఉంది.

"గుండె ఆగిపోయిందమ్మా. ఎంత చేసినా మళ్ళీ కొట్టుకోలేదు."

రాజేశ్వరి గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. డాక్టరమ్మ డబ్బా తిప్పి చూసింది. "వీటిలో ఏం కలిపారో అమ్మినవాడికి కూడా తెలియదు. ఇట్లాంటివి గుండెని పరుగులు పెట్టించి చంపేస్తాయి." ఆమె గొంతులో కోపం దాగలేదు. "అసలు ఈ పిల్లతో లావుగా ఉన్నావని ఎవరన్నారమ్మా?"

రాజేశ్వరి గుప్పిట విడిపోయింది. చెమటకి సగం కరిగిన రాళ్ళుప్పు, నలిగిన ఎండుమిరపకాయలు నేలమీద పడ్డాయి.

"బొమ్మలాగుంది, బొమ్మలాగుందని పదిమందీ అని అని నా పెద్దబిడ్డని పొట్టన పెట్టుకున్నారమ్మా, అందుకే మెరుపుతీగలాంటి ఈ బిడ్డకి దిష్టి తగలకుండా లావు, లావని నేనే అన్నాను."