తీసేశాను

"టీచర్‌గారూ, మీ తోటలో పువ్వులన్నీ తీసేశాను. ఆ నల్ల గులాబీ ఒక్కటే మిగిలింది."

పైగదిలో అద్దెకుండే అమ్మాయి ఫోన్లో ఆ మాట అనగానే టీచర్‌గారు బ్యాంకు క్యూలోంచి ఉన్నపళంగా బయటికొచ్చి ఆటో ఎక్కారు. తెల్లారితే తోటల పోటీ జడ్జీలు వస్తున్నారు. రెండేళ్ళుగా ఎదురింటావిడే మొదటి బహుమతి ఎగరేసుకుపోతోంది. ఈసారి కూడా పోయిందంటే ఆవిడ ముఖం చూస్తూ ఆ వీధిలో ఉండటం టీచర్‌గారి వల్ల కాదు.

గేటు తోసుకుని లోపలికొచ్చి చూస్తే బంతిపూలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మందారాలూ ఉన్నాయి. అమ్మాయి మాత్రం చామంతి మడి పక్కన బోర్లా పడుకుని, కెమెరా కంటికి ఆనించుకుని, ఓ నల్ల గొడుగుని కాలితో సర్దుతోంది.

"పువ్వులన్నీ తీసేశానన్నావు?"

"తీశాను కదండీ, ఇదిగో," అంటూ అమ్మాయి లేచి, మోచేతుల మట్టి దులుపుకుని కెమెరా చూపించింది.

"నా గుండె ఆగినంత పనైంది. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, నాకా ఈ వాక్యం? నువ్వు తీసింది ఫోటోలు. నీ వాక్యంలో కర్మ ఏదీ?"

"నా కర్మండీ," అంది అమ్మాయి నెమ్మదిగా.

"వేళాకోళాలొద్దు. ఫోటో తీస్తే ఫోటో తీశానను. ఉత్తినే పువ్వు తీశానంటే కోశాననే అర్థం. ఈ ఇంట్లో అంతే. ఇంకోసారి ఆ మాట తప్పుగా వాడావో, గది ఖాళీ చేయిస్తాను."

అమ్మాయి ముఖం చిన్నబోయింది. తను పనిచేసే ఫోటో స్టూడియోకి ఇంత దగ్గర్లో, తోటతో సహా గది మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? "గుర్తుపెట్టుకుంటానండీ," అంది.

కోపం దిగాక టీచర్‌గారు కళ్ళజోడు సర్దుకుని ఆ ఫోటోలు చూశారు. కింది నుంచి చూస్తే బంతిపువ్వు వెలుగుతున్న లాంతరులా ఉంది. మందారం బకెట్ నీళ్ళలో తలకిందులుగా ఊగుతోంది. చామంతి వెనక నల్ల గొడుగు విప్పేసరికి పట్టపగలే చీకటి పడిపోయింది.

"ఇవి నా పువ్వులేనా?"

"మీవేనండీ. మీరు నిలబడి చూస్తారు, నేను పడుకుని చూశాను."

"మరి గులాబీ జోలికి పోలేదేం?"

"పోవద్దన్నది మీరేగా."

"అన్నాను. మంచి పని చేశావు," అని టీచర్‌గారు లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున గులాబీ పూర్తిగా విచ్చుకుంది. నలుపో ఎరుపో తేల్చుకోలేని రంగు, అరచేయంత పువ్వు. టీచర్‌గారికి కాఫీ కూడా సహించలేదు. జడ్జీలు వచ్చేసరికి ఎండకి రేకులు వాలిపోతే? ఇప్పుడెంత అందంగా ఉందో వాళ్ళకి చూపించేదెలా?

"అమ్మాయ్," అని మేడ మీదికి కేకేశారు. "ఎండ ముదిరితే గులాబీ వాడిపోతుంది. తాజాగా ఉండగానే తీసిపెట్టు."

దిగుతున్న అమ్మాయి మెట్ల మీదే ఆగిపోయింది. "గులాబీనా? తీయమంటారా?"

"తీయమనేగా చెప్తున్నా. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?"

"పువ్వు వరకేనా, కాడ కూడా రావాలా?"

"కాడా రావాలి. రెండు ఆకులు కూడా ఉంటే నిండుగా ఉంటుంది."

"నీళ్ళు చల్లనా?"

"చల్లు. జడ్జీలు రాగానే తెచ్చి నా చేతికివ్వు."

"తర్వాత నన్ననకూడదు మరి."

"నిన్న నీ పనితనం చూశాగా. నాకు నమ్మకముంది, కానివ్వు," అని టీచర్‌గారు చీర మార్చుకోవడానికి వెళ్ళారు.

జడ్జీలిద్దరూ రాగానే టీచర్‌గారు వరండాలో కుర్చీలు వేసి కూర్చోబెట్టారు.

"మీ గులాబీ గురించి చాలా విన్నామండీ," అన్నాడు పెద్ద జడ్జి. "కాకపోతే ముందే చెప్తున్నాం, మొక్క మీదున్న పువ్వుకే మార్కులు. కోసింది లెక్కలోకి రాదు."

"భలేవారే. ఈ తోటలో ఇంతవరకూ ఒక్క పువ్వూ కోసి ఎరగం," అని నవ్వారు టీచర్‌గారు. ఓరకంట ఎదురింటి కిటికీ చూసుకున్నారు. ఆవిడ అక్కడే నిలబడి ఉంది.

"తోటలోకి వెళ్ళేముందు ఇది చూడండి. పొద్దున ఎలా ఉందో మీకే తెలుస్తుంది. ఏమమ్మాయ్, తీశావా?"

"తీశానండీ. అచ్చం మీరు చెప్పినట్టే."

టీచర్‌గారు జడ్జీల మీంచి చూపు తిప్పకుండానే కెమెరా కోసం చేయి వెనక్కి చాపారు.

"జాగ్రత్తండీ," అంది అమ్మాయి, "ముళ్ళున్నాయి."