ఒక్క అడుగు వెనక్కి

"లైటు ఆపెయ్యవే, అసలు సీను వచ్చేస్తోంది!" అన్నాడు లెక్చరరు, గోడమీది తెర వైపు వేలు చూపిస్తూ.

భార్య లైటు ఆపేసింది. సోఫాలో ఆవిడ అక్క కళ్ళజోడు సర్దుకుంది. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఆవిడ వినికిడి పోయింది. ఎదుటివాళ్ళ పెదాలు చూసే జవాబు చెప్తుంది, అదీ తడుముకోకుండా. "మూకీ కదా, వదినకీ మనకీ తేడా ఏముంటుంది?" అని మరిదిగారే పనిగట్టుకుని పిలిచాడు.

రేపు ఫిల్మ్ క్లబ్బులో ఈ చిట్టి మూకీ మీద ఆయన ప్రసంగం. అది నెగ్గితే అధ్యక్ష పదవి చేతికొచ్చినట్టే. దీని దర్శకుడి మీద రాసిన పుస్తకం కూడా రేపే విడుదల. పేరు 'ఒక్క అడుగు'.

తెరమీద రైల్వే ప్లాట్‌ఫారం. ప్రియుడూ ప్రియురాలూ ఆనుకున్నంత దగ్గరగా నిలబడ్డారు.

"చూడవే ఈ దర్శకుడి పద్ధతి! మాటలు రాసిన అట్టలు పెట్టడు. కెమెరా కదపడు. మోకాళ్ళ కింద ఏముందో చూపించనే చూపించడు. అంతా మొహాలకే వదిలేస్తాడు. అదిగో, పెదవి వణికింది! కన్నీటిబొట్టు!"

ప్రియురాలు ఏదో అంది. ప్రియుడు తల దించుకుని, ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

"అదీ! జీవితకాలపు ఎడబాటుని ఆ ఒక్క అడుగులో పెట్టేశాడు!" అన్నాడు లెక్చరరు. భార్య కళ్ళు తుడుచుకుంది.

సోఫాలోంచి కిసుక్కున నవ్వు వినిపించింది.

లెక్చరరుకి ఒళ్ళు మండిపోయింది. లైటు వేసి ఆవిడకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఏడవాల్సిన చోట నవ్వేమిటి వదినా?"

"ఏం లేదులే మరిదీ. సినిమా బాగుంది."

"అక్కకి ఇలాంటివి ఎక్కవులెండి," అని సర్దిచెప్పబోయింది భార్య.

"రేపు ముందు వరసలో కూర్చుని ఇలాగే నవ్విందనుకో, నా పరువేం కాను?" అని భార్యమీద విసుక్కుని, మళ్ళీ ఆవిడ వైపు తిరిగాడు. "నిజం చెప్పు వదినా."

"పుస్తకం అచ్చయిపోయిందా?"

"ఎప్పుడో! అట్టమీద బొమ్మ కూడా ఆ అడుగే."

"అయితే వద్దులే."

"చెప్పి తీరాల్సిందే!"

"ఆ పిల్ల ఏమందంటావు?"

"'వెళ్ళిపో, నన్ను మరిచిపో' అని ఉంటుంది. మూడో అధ్యాయమంతా దానిమీదే రాశాను."

వదిన ఆయన్ని జాలిగా చూసింది. తర్వాత అచ్చం ఆ పిల్లలాగే పెదవి వణికించి చెప్పింది.

"నా కాలు తొక్కేశావు, వెనక్కి జరుగు!"